గడువు లేని పుస్తకాలు

“నా కార్డే ఆపుతావా? నా కార్డు?”

ప్రొఫెసరు టిఫిను ప్లేటును ముందుకు తోశాడు. అది జారుకుంటూ వెళ్ళి ఉప్పు డబ్బాకు తగిలి ఆగింది. నిన్న సాయంత్రం మొదలైన గొడవ రాత్రి కాసేపు కునుకు తీసి, పొద్దున్నే అందరికంటే ముందు లేచి కూర్చుంది.

“ఆపింది నేను కాదు. గడువు దాటినవాళ్ళ కార్డులన్నీ వాటంతటవే ఆగిపోతాయి,” అంది ఆమె, పొయ్యి మీది పాలకేసి చూస్తూ.

“ఆ ‘వాటంతటవే’ అనేదాన్ని పెట్టిందెవరు?”

“నేనే.”

“మరి?”

“మరేముంది? ఒకసారి కాదు, మూడుసార్లు కబురు పంపాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“నా స్టూడెంట్ల ముందు, కౌంటరు దగ్గర, వాడెవడో గుమాస్తా ‘మీకు పుస్తకం ఇవ్వడం కుదరదు సార్’ అన్నాడు. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు కూడా. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు కుదరదని చెప్పినవాడు లేడు!”

“అందుకే ఇన్నేళ్ళూ పుస్తకాలు వెనక్కి రాలేదు.”

పెళ్ళాం యూనివర్సిటీ లైబ్రేరియను, మొగుడు అదే యూనివర్సిటీలో చరిత్ర శాఖకు హెడ్డు. బయటివాళ్ళకు చూడముచ్చటగా ఉంటుంది. కాపురం చేసేవాళ్ళకు తెలుస్తుంది దాని రుచి.

ఆ లైబ్రరీలో ఒక పాత మర్యాద ఉండేది. విద్యార్థి పుస్తకం పట్టుకెళితే రెండు వారాల్లో తేవాలి. ఒక్కరోజు ఆలస్యమైతే జరిమానా, ఇంకొంచెం ఆలస్యమైతే చీవాట్లు. అధ్యాపకుడు పట్టుకెళితే గడువు లేదు. ఉద్యోగం ఉన్నంతకాలం ఆయన గదిలో ఉండొచ్చు. రిటైరయ్యాక ఇంటికి పోయినవి ఉన్నాయి. ఆయన పోయాక పిల్లలు పాత కాగితాల వాడికి తూకానికి వేసినవీ ఉన్నాయి. ఎవరూ అడగరు. పెద్దవాళ్ళను పుస్తకం అడగడం అమర్యాద కదా!

ఈ ఏడాది ఆమె ఆ మర్యాదకు మంగళం పాడింది. ఎవరైనా ఒక పుస్తకం కావాలని పేరు రాయించుకుంటే, అది ఎవరి చేతిలో ఉన్నా వెనక్కి ఇవ్వాలి. అటెండరైనా, ప్రొఫెసరైనా, వైస్ ఛాన్సలరైనా. ఇవ్వకపోతే కార్డు ఆగుతుంది. చెప్పడానికి రెండు ముక్కలే. మింగడానికే చాలామందికి గొంతు పట్టింది.

“వార్డులో ఇలాంటి పేషెంట్లు ఉండేవారు,” అంది అత్తగారు, పేపరు మీంచి తల ఎత్తకుండానే. ఆవిడ పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి దిగిన మనిషి. “జబ్బు తగ్గిపోతుంది. మంచం మాత్రం ఖాళీ చెయ్యరు. అవతల వరండాలో చాప మీద మూలుగుతున్నవాడి సంగతి వాళ్ళకెందుకు?”

“నువ్వు ఊరుకో అమ్మా.”

“నేను రిటైరైంది ఉద్యోగం నుంచిరా, నోటి నుంచి కాదు.”

ఆ మాటకు మామూలు రోజయితే అతను నవ్వేవాడు. ఇవాళ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. “నా ఇంట్లో నా తల్లీ, నా పెళ్ళామూ కలిసి నన్ను దొంగను చేస్తున్నారు!”

“ఎవరు దొంగ?” అంటూ పిచ్చుక గదిలోంచి వచ్చింది.

పిచ్చుక అతని చెల్లెలు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందని చిన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పటికీ వదల్లేదు. ఆర్థిక శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. మూడు అధ్యాయాలు అయ్యాయి. నాలుగోది రేవు కూలీల మీద. అది శనివారంలోగా ఇవ్వకపోతే ఈ ఏడాదికి థీసిస్ సంగతి మర్చిపొమ్మని గైడు చెప్పేసింది. ఆ అధ్యాయానికి ఒకే ఒక పుస్తకం అడ్డం పడింది. రేవు కూలీల జీవితాల మీద ఎప్పుడో ఇంటింటికీ తిరిగి రాసిన సర్వే. మళ్ళీ అచ్చు కాలేదు, ఎక్కడా అమ్మకానికి లేదు. లైబ్రరీలో ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి ఏనాడో పోయింది. రెండోది ఎవరో పట్టుకెళ్ళి కూర్చున్నారు. పిచ్చుక ఎండాకాలం నుంచి పేరు రాయించుకుని ఎదురుచూస్తోంది.

ఎదురుచూడటమంటే నోరు మూసుకుని కాదు. రోజూ రాత్రి అన్నాల దగ్గర ఆ పుస్తకం దాచుకున్నవాడి ఏడు తరాలనూ కడిగేసేది. “తాను చదవడు, ఇంకొకర్ని చదవనివ్వడు. వాడి చేతులు పడిపోను!” అనేది. అన్నయ్య నవ్వి మంచినీళ్ళ గ్లాసు అందించేవాడు. వదిన మాత్రం తన కంచంలోకి చూసుకునేది.

ఎందుకంటే వదినకు తెలుసు. ఆ పుస్తకం ఎవరి కార్డు మీద ఉందో ఆమె ఏనాడో చూసింది. గదిలో తలుపు వేసుకుని మొగుణ్ణి అడిగింది కూడా. ‘అది ఎప్పుడో ఇచ్చేశాను, మీ కంప్యూటరుకి కళ్ళు లేవు’ అని అతను అటు తిరిగి పడుకున్నాడు. ఆ సంగతి పిచ్చుకకు చెప్పే వీల్లేదు. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారన్నది మూడోవాళ్ళకు చెప్పకూడదు. ఆ ఉద్యోగానికి అదే మొదటి పాఠం. కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకూ ఆమె స్వయంగా చెప్పే పాఠం. బయటివాళ్ళకు చెప్పకుండా ఉండటం తేలికే. ఒకే కూర గిన్నెలోంచి వడ్డించుకునేవాళ్ళకు చెప్పకుండా ఉండటమే నరకం.

“నీ దగ్గర లైబ్రరీ పుస్తకాలు ఎన్నున్నాయి అన్నయ్యా?” అంది పిచ్చుక, బ్యాగు భుజానికి తగిలించుకుంటూ.

“ఉంటాయి ఏవో ముప్ఫయ్యో నలభయ్యో. అన్నీ పనికొచ్చేవే.”

“అందులో రేవు సర్వే ఉందా?”

“లేదు.”

మాట అడిగీ అడగకముందే జవాబు వచ్చేసింది. పిచ్చుక ఒక్క క్షణం అన్నయ్య మొహం చూసింది. తర్వాత పొయ్యి దగ్గరకు నడిచింది.

“వదినా, ఉందా?”

“నన్నడక్కు.”

“నిన్ను కాకపోతే ఎవర్ని అడగను? లైబ్రరీ నీది.”

“ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో నేను చెప్పను. ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పను.”

“లేదని చెప్పొచ్చుగా? ‘మీ అన్నయ్య దగ్గర లేదమ్మా’ అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?”

“లేదని కూడా చెప్పను. లేనప్పుడు లేదంటే, ఉన్నప్పుడు ఏమనాలి?”

చెప్పేశాక ఆమెకే అర్థమైంది, ఎంత చెప్పకూడదో అంతా చెప్పేసిందని. పొయ్యి కట్టేసింది. అత్తగారు పేపరు మడిచి బల్ల మీద పెట్టింది.

“అయితే ఉందన్నమాట,” అంది పిచ్చుక.

“లేదంటున్నానా!” అని అన్నయ్య అరిచాడు. “ఎప్పుడో ఇచ్చేశాను! ఏళ్ళ కిందట ఇచ్చేశాను!”

“ఇచ్చేశానంటున్నావంటే తీసుకున్నట్టేగా?” అంది అత్తగారు.

“అమ్మా!”

“అది చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికింది కదరా. తిరిగి తిరిగి దాని చెప్పులు అరిగిపోయాయి.”

పిచ్చుకకు మొదట కోపం వచ్చింది అన్నయ్య మీద కాదు. వదిన మీద. అది వదినకూ తెలుసు, కోపానికి ముందు దగ్గరివాళ్ళే కనబడతారు.

“ఇదే బల్ల దగ్గర కూర్చుని నేను గొంతు చించుకుంటుంటే విన్నావు. ‘ఇంకొంచెం పెట్టనా’ అన్నావు! నేను ఏడుస్తూ పడుకున్న రోజు నా జుట్టు నిమిరావు. ఆ చేత్తోనే వెళ్ళి బీరువాలోంచి తీసి ఇచ్చేయొచ్చుగా!”

“ఇంట్లో లేదు. డిపార్టుమెంటులో ఆయన గది, ఆయన తాళం.”

“తాళం ఉంటే తలుపు కొట్టాలి!”

“కొట్టాను. మూడుసార్లు కబురు పంపానని చెబుతూనే ఉన్నాగా! కార్డు ఆపాను. ఇప్పుడు ఈ ఇంట్లో జరుగుతున్నదంతా దేని గురించనుకుంటున్నావు?” ఆమె గొంతు కూడా లేచింది. ఇన్ని నెలలుగా అణచిపెట్టుకున్న కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. “నీ తిట్లు విని నేను హాయిగా అన్నం తిన్నాననుకున్నావా? మీ అన్నాచెల్లెళ్ళ మధ్య రోజూ రాయిలా కూర్చున్నాను. నా ఉద్యోగానికి ఒక మాటుంది. నీకోసం తప్పితే రేపు ఇంకొకరి కోసం తప్పాలి.”

“నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. నా ఏడాది పోయింది.”

ఆమె పాల గిన్నె దించి మూత పెట్టింది.

ప్రొఫెసరు ఈలోగా చొక్కా చేతులు సర్దుకున్నాడు. నలుగురిలో మాట్లాడేటప్పటి గొంతు తెచ్చుకున్నాడు. “సరే. ఇవాళ మధ్యాహ్నం నా గదిలో ఉన్న లైబ్రరీ పుస్తకాలన్నీ నీ కౌంటరు మీద పోయిస్తాను. అందరూ చూస్తుండగా. అందులో ఆ సర్వే లేకపోతే నువ్వు అందరి ముందే నాకు క్షమాపణ చెప్పాలి. ఈ కార్డులు ఆపే పిచ్చి రూలు ఎత్తెయ్యాలి.”

“ఉంటే?”

“ఉండదు.”

“ఉంటేనండీ?”

అతను బ్యాగు తీసుకుని బయటికి నడిచాడు. తలుపు వేసిన వేగానికి గోడ మీది క్యాలెండరు ఊగింది.

“చదువుకున్నవాడి మూర్ఖత్వానికి మందు లేదమ్మాయ్,” అంది అత్తగారు. “నా కొడుకే. అందుకే చెబుతున్నా.”

*

లైబ్రరీలో చదువుకునే హాలు పొద్దున పదింటికే నిండిపోయింది. కుర్చీలు దొరకనివాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. ప్లగ్గు ఉన్న స్తంభం చుట్టూ ఫోన్ల తీగలు, వాటి చుట్టూ పిల్లలు. రెండో అంతస్తులో ఒక పెద్ద గది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. తలుపు మీద ‘అధ్యాపకులకు మాత్రమే’ అని బోర్డు. ఆ గదిని విద్యార్థులకు తెరవమని ఆమె పంపిన కాగితం ఆరు నెలలుగా ఎవరి బల్ల మీదో బరువు కింద నిద్రపోతోంది.

ఆమె కుర్చీలో కూర్చుందో లేదో ఫోను మోగింది. రిజిస్ట్రారు.

“ఏమిటి మేడమ్ ఇది? మొగుడూ పెళ్ళాల గొడవలు కౌంటరు దాకా తీసుకొస్తే ఎలా? ఇంటివి ఇంట్లో చూసుకోవాలి.”

“మా ఇంట్లో ఉన్న ప్రొఫెసరు ఒక్కరే సార్. కార్డు ఆగినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరితోనూ నేను కాపురం చెయ్యట్లేదు.”

అవతల కాసేపు దగ్గు. “అది కాదు మేడమ్. అంత ఖర్చు పెట్టి ఆన్‌లైన్ పుస్తకాలు కొన్నాం కదా. పిల్లల్ని అవి చదువుకోమనండి. పెద్దవాళ్ళ జోలికి ఎందుకు?”

“క్యాంపస్ గేటు దాటితే అవి తెరుచుకోవు సార్. మన పిల్లల్లో సగం మంది బస్సెక్కి ఇళ్ళకు పోయేవాళ్ళే. ఇంటి దగ్గర కూడా తెరుచుకునే ఏర్పాటు చెయ్యమని ఎన్నిసార్లు రాశాను? కొన్నవాటిని ఎవరూ వాడలేరు, వాడేవి ఎవరో గదుల్లో పెట్టి తాళం వేసుకుంటారు. లైబ్రరీ ఉండి ఏం లాభం?”

“మీరు మరీ ఆవేశపడుతున్నారు. సాయంత్రంలోగా సార్ కార్డు తెరిచెయ్యండి. ఇది ఆర్డరనుకోండి.”

“రాసివ్వండి సార్.”

ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది. రాసివ్వడమంటే వీళ్ళందరికీ ఎక్కడలేని బద్ధకం. ఆమె ఫోను బల్ల మీద పెట్టి, అరచేతులు చీర కొంగుకు తుడుచుకుంది. నిజంగా ఆ సర్వే అతని దగ్గర లేకపోతే? ఎవరో గుమాస్తా ఏనాడో పుస్తకం తీసుకుని కంప్యూటరులో తీసేయడం మర్చిపోయి ఉంటే? అలాంటివి జరగవని ఆమె ఒట్టేసి చెప్పలేదు. అప్పుడు క్షమాపణ చెప్పడం పెద్ద విషయం కాదు. రూలు పోతుంది. పిచ్చుక పుస్తకం ఇంకెప్పటికీ దొరకదు.

*

మధ్యాహ్నం మూడింటికి చరిత్ర శాఖ అటెండరు చక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. దాని చక్రం కీచుమంటుంటే హాల్లో తలలన్నీ లేచాయి. బండి వెనకాల ప్రొఫెసరు చేతులు వెనక్కి కట్టుకుని నడిచి వచ్చాడు. ఆ నడక చూస్తే పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి కాదు, బహుమతులు పంచడానికి వచ్చినట్టుంది.

పిచ్చుక అప్పటికే కౌంటరు పక్కన నిలబడి ఉంది. వదినతో మాట్లాడలేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని మొహమే చెబుతోంది.

“తీసుకోండి,” అన్నాడు ప్రొఫెసరు. “ఒక్కటి కూడా దాచలేదు. నా గదిలో చీపురుపుల్ల కూడా మిగల్లేదు.”

గుమాస్తా ఒక్కొక్క పుస్తకం అందుకుని మెషీను కింద పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతిదానికీ నీటుగా కాగితం అట్ట వేసి ఉంది. ప్రొఫెసరుకు అదొక అలవాటు. ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందు అట్ట వేస్తాడు, తర్వాతే తెరుస్తాడు. తనవీ, లైబ్రరీవీ, అన్నిటికీ ఒకే రంగు కాగితం. గుమాస్తా అట్ట విప్పితేగాని నంబరు కనబడదు. విప్పడం, మెషీను చప్పుడు, పక్కన పెట్టడం. కొన్నిటి మీద టీ కప్పు మరకలు. కొన్ని పేజీల మధ్య పాత శుభలేఖలు. ఒకదాన్ని చూసి వెనకాల నిలబడిన కుర్రాడు “అరే, ఇది మా బ్యాచ్ అంతా వెతికిన పుస్తకం రా” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

బండి పైఅర ఖాళీ అయింది. కింది అర సగం ఖాళీ అయింది. ప్రొఫెసరు భార్యకేసి చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

అడుగున ఇంకో పుస్తకం. మిగతావాటిలాగే అట్ట. గుమాస్తా విప్పాడు. విప్పి, అందరికంటే ముందు మేడమ్ మొహంలోకి చూశాడు.

పిచ్చుక మెడ చాచి చూసింది. “అదే!” అంది.

ప్రొఫెసరు పుస్తకాన్ని గుమాస్తా చేతిలోంచి తీసుకుని తిప్పి చూశాడు. అబద్ధమాడి దొరికిపోయినవాడి మొహం కాదది. నిజంగానే ఇచ్చేశానని నమ్మినవాడి మొహం. తను వేసిన అట్టే తన కళ్ళు కప్పింది. ఆ ఒక్క క్షణం అతను నోరు తెరిచి ‘పొరపాటైంది’ అని ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. కానీ చుట్టూ విద్యార్థులున్నారు, అటెండరున్నాడు, పెళ్ళాం ఉంది. మనిషికి పొరపాటు ఒప్పుకోవడానికి ఎప్పుడూ సరైన చోటు దొరకదు.

“సరే, ఉంది. ఇప్పుడేమైంది? దొరికిందిగా!” అన్నాడు. పుస్తకాన్ని తన జేబులోంచి తీసిస్తున్నట్టు చెల్లెలి ముందు చాచాడు. “తీసుకో. శనివారం నీ అధ్యాయం ఇచ్చుకో. ఇంకేం కావాలి నీకు?”

పిచ్చుక చెయ్యి ముందుకు వెళ్ళింది.

“అది ఇంకా లైబ్రరీకి రాలేదు,” అంది వదిన. “ఇటివ్వండి.”

“నువ్వు మరీ...”

“ఇటివ్వండి.”

పుస్తకం ఆమె చేతికి వచ్చింది. తనే మెషీను కింద పెట్టింది. ఇప్పటిదాకా వినబడిన చప్పుడు కాదు, ఇంకో రకం చప్పుడు వచ్చింది. పుస్తకం కోసం ఎవరో కాచుకుని ఉన్నారనే చప్పుడు. ఆమె తెర మీద పేరు చదివింది. మళ్ళీ చదివింది. ఇన్నాళ్ళూ పుస్తకం ఎవరి దగ్గరుందని చూసిందే గాని, వరసలో ముందు ఎవరున్నారో చూడాలని ఆమెకు తట్టనేలేదు.

“పిచ్చుకా, నీకంటే ముందు ఒకరున్నారు.”

“ఏంటి?”

“నీకంటే చాలా ముందు పేరు రాయించుకున్నారు. ముందు వాళ్ళకివ్వాలి.”

“వదినా, శనివారం నా గడువు!”

“తెలుసు.”

“తెలిసీ అంటున్నావా? పొద్దున నోరు విప్పలేదు, ఇప్పుడు చెయ్యి విప్పవా? నేను నీకు ఏమవుతానో గుర్తుందా?”

“గుర్తుంది కాబట్టే నువ్వు అడగగలుగుతున్నావు. ఆ వరసలో ముందున్నవాళ్ళకు ఇక్కడ వదిన లేదు.”

ప్రొఫెసరు పెద్దగా నవ్వాడు. ఓడిపోయినవాడికి దొరికిన మొదటి అవకాశం అది. “చూశారా మీ మేడమ్ రూలు! సొంత ఆడపడుచు నోటి దగ్గర కూడు లాగేస్తోంది. ఒక్క రెండు రోజులు దీనికిచ్చి, తర్వాత వాళ్ళకిస్తే ఎవరికి తెలుస్తుంది?”

“‘ఎవరికి తెలుస్తుంది’ అనుకుంటూనే ఈ బండి నిండిందండీ,” అంది ఆమె. తెర మీది నంబరు ఫోనులో నొక్కింది.

చాలాసేపు మోగాక అవతల ఒక ఆడపిల్ల ఎత్తింది. వెనకాల మెషీన్ల హోరు. ఆ హోరులో వినబడాలని అమ్మాయి గట్టిగా అరుస్తోంది. “ఎవరండీ? గట్టిగా చెప్పండి!”

“యూనివర్సిటీ లైబ్రరీ నుంచమ్మా. నువ్వు పేరు రాయించుకున్న పుస్తకం వచ్చింది. రేవు కూలీల సర్వే.”

అమ్మాయి అటు తిరిగి ఎవరికో ‘ఒక్క నిమిషం’ అని అరిచింది. హోరు మాత్రం ఆగలేదు.

“ఇప్పుడా మేడమ్?”

“అవునమ్మా. నీ పేరున తీసి పెడతాను. ఎప్పుడొస్తావు?”

“నాకెందుకు మేడమ్ ఇప్పుడు? నేను మానేశానుగా!” అమ్మాయి కోపంగా అనలేదు. మెషీన్ల హోరుకు అరిచింది, అంతే. లైబ్రేరియను ఫోనును చెవికి ఎంత గట్టిగా అదుముకున్నా, కౌంటరు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఆ అరుపు వినబడింది. “ఆ సర్వే చూడకుండా అధ్యాయం ముట్టుకోనన్నారు మా సార్. రోజూ వచ్చేదాన్ని. ఎవరి దగ్గరుందో చెప్పకూడదు అన్నారు మీవాళ్ళు. సార్ని అడిగితే లైబ్రరీలోనే ఉంటుంది, వెతకడం చేతకాక వంకలు చెబుతున్నావు అన్నారు. ఇంక గడువైపోయింది మేడమ్. ఫెలోషిప్పు ఆపేశారు. ఇంట్లో ఎన్నాళ్ళు కూర్చోను? ఇక్కడ ప్యాకింగులో చేరాను.”

చెప్పకూడదన్న పాఠం ప్రతి గుమాస్తాకూ నేర్పింది తనే. పుస్తకం గడువు లేకుండా పట్టుకెళ్ళింది ఇంకొకరు. తిలాపాపం తలా పిడికెడు.

“మీ సార్ ఎవరమ్మా?” అని అడిగింది. అడగక్కర్లేదని ఆమెకు తెలుసు.

“హిస్టరీ హెడ్డుగారు మేడమ్!”

ప్రొఫెసరు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవడానికి దానికి టైము చాల్లేదు. అలాగే ఉండిపోయి, చూసేవాళ్ళకు అసహ్యంగా కనబడింది.

పిచ్చుక కౌంటరు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇప్పుడు వరసలో తనే ముందు. ఆ సంగతి అక్కడ అందరికంటే ముందు తనకే అర్థమైంది. పుస్తకం వైపు చూడలేదు. అన్నయ్యకేసి చూసింది.

“ఆయన ఇక్కడే ఉన్నారమ్మా,” అంది ఆమె ఫోనులో. “మాట్లాడతావా?”

“సారా? అయ్యో, తిడతారేమో మేడమ్!”

“తిట్టరు.”

ఆమె ఫోను మొగుడి ముందుకు చాచింది. అతను అందుకోలేదు. గుమాస్తా తల వంచుకుని విప్పిన అట్టలు ఏరడం మొదలుపెట్టాడు. వెనకాల కుర్రాళ్ళు కదల్లేదు.

“తీసుకో అన్నయ్యా,” అంది పిచ్చుక. “నాకు పుస్తకం అందించిన చెయ్యే కదా. ఇదీ తీసుకో.”

అతను తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“హలో... నేనేనమ్మా.”

“సార్! నమస్తే సార్! బాగున్నారా సార్?”

“ఆ... ఆ. అది... పుస్తకం దొరికిందమ్మా.”

“మంచిది సార్! పోనీలెండి, ఇంకెవరికైనా పనికొస్తుంది. నేను నిజంగా అంతా వెతికాను సార్, ప్రతి అరా వెతికాను. ఎక్కడ దొరికింది సార్?”

అతను నోరు తెరిచాడు. భార్యకేసి చూశాడు, చెల్లెలికేసి చూశాడు. ఇద్దరూ అతన్నే చూస్తున్నారు.

మెషీన్ల హోరులో తన మాట వినబడలేదనుకుని ఆ అమ్మాయి ఇంకా గట్టిగా అరిచింది.

“సార్! ఎక్కడ దొరికింది అంటున్నాను సార్!”